ఒక్క కారుతో మొదలుపెడితే ఏది మేలు: యాపా, నెలవారీ అద్దెనా, సొంత గిరాకీయా?

దసరా నుంచి ఇప్పటివరకు వారానికి ఒకరైనా నన్ను అడుగుతున్న ప్రశ్న ఇది. అడిగేవాళ్ళలో చాలామంది నాలుగైదేళ్ళు మరొకరి బండి నడిపి, కొంత కూడబెట్టుకొని, మిగతాది ఫైనాన్సులో తీసుకొని సొంతంగా పసుపు ప్లేటు కారు కొనాలనుకుంటున్నవారే. పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ సంగతులు వారికి నేను చెప్పనక్కరలేదు. వారికి తేలనిదల్లా బండిని ఎక్కడ పెట్టాలన్నదే: హైదరాబాద్ వెళ్ళి క్యాబ్ యాప్‌లో తిప్పాలా, ఏదైనా ఆఫీసుకో కంపెనీకో నెలవారీ అద్దెకు ఇవ్వాలా, లేక నల్లగొండలోనే ట్రావెల్స్ బోర్డు పెట్టుకొని సొంత గిరాకీ చూసుకోవాలా? ఈ మూడూ నేను చేసినవే. యాప్‌లో ఏడు నెలలు, నెలవారీ అద్దెలో పద్నాలుగు నెలలు గడిచిన తరువాత ఇప్పుడు రెండు కార్లతో ఊళ్ళోనే ఉన్నాను కనుక, నా మొగ్గు ఎటు ఉంటుందో ముందే ఊహించవచ్చు. అయినా లెక్క మాత్రం దాచకుండా చెబుతాను.

సాధారణంగా అందరూ పోల్చి చూసేది కిలోమీటరు రేటును, లేదా నెలకు చేతికి వచ్చే మొత్తాన్ని. నా అనుభవంలో ఈ రెండింటికంటే ముందు చూడవలసింది బండి ఖాళీగా తిరిగే కిలోమీటర్లను. నల్లగొండ హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒకవైపు గిరాకీ తీసుకొని వెళ్ళిన బండి ఆ వంద కిలోమీటర్లూ ఉత్తగా తిరిగి రావాలి. నగరంలో ఉండేవాడికి ఖాళీ అంటే మూడు నాలుగు కిలోమీటర్లు, మనకు ఖాళీ అంటే ఒక పూట.

ఎయిర్‌పోర్టు డ్రాప్‌నే తీసుకుందాం. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, చిట్యాల, చౌటుప్పల్ దాటి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు మీదికి వెళ్ళి శంషాబాద్ చేరితే సుమారు 120 కిలోమీటర్లు, రానూ పోనూ 240. నా పాత డీజిల్ డిజైర్ ఈ దారిలో లీటరుకు 20 ఇస్తుంది కాబట్టి 12 లీటర్లకు 1,150 రూపాయల దాకా అవుతుంది. పంతంగి టోల్, ఔటర్ టోల్, పార్కింగు కలిపి 400, డ్రైవర్ బత్తా 500. టైర్లు, సర్వీసింగు, ఇన్సూరెన్సులకు కిలోమీటరుకు 3 రూపాయల చొప్పున నేను పక్కకు తీసి పెట్టే సొమ్ము 720. అన్నీ కలిపితే 2,770. కిలోమీటరుకు 13 రూపాయల చొప్పున రెండు వైపులా తీసుకుంటే వచ్చేది 3,120, అంటే తెల్లవారుజామున మూడింటికి లేచి మధ్యాహ్నానికి ఇల్లు చేరిన బండికి మిగిలేది 350 రూపాయలు. ఇందులోంచి ఇంకా కిస్తీ కట్టాలి. అదే రోజు శంషాబాద్ నుంచి నల్లగొండకో మిర్యాలగూడకో 1,800 రూపాయలకు ఒక గిరాకీ దొరికిందనుకోండి, మిగులు 2,150 అవుతుంది. బండి అదే, దారి అదే, డ్రైవర్ అతడే. మిగులు మాత్రం ఆరు రెట్లు.

ఈ సంగతి గిరాకీ ఇచ్చేవారికి చెప్పి ఒప్పించడం తేలిక కాదు. "పోయేటందుకే కదన్నా మాట్లాడింది, వచ్చేటందుకు పైసలెందుకు?" అని అడగనివారు తక్కువ. ఆ మాటకు మొహమాటపడి 2,400కు ఒప్పుకున్నవాడు సంపాదించినట్టే కనబడతాడు గాని, పై లెక్క ప్రకారం తన జేబులోంచి 370 రూపాయలు వేసి వారిని ఎయిర్‌పోర్టులో దించినట్టే. కొత్తగా అడ్డా మీదికి వచ్చిన బండ్లు మొదటి ఆరు నెలలు ఎప్పుడూ రోడ్డు మీదే ఉండి కూడా కిస్తీలు తప్పడానికి ఇదే కారణం.

ఖాళీగా వస్తున్నాం కదా అని పెద్ద అంబర్‌పేట దగ్గర ఆపి సీటుకింత చొప్పున నలుగురిని ఎక్కించుకునేవారూ ఉన్నారు. మన పర్మిట్ మొత్తం బండిని ఒకరు మాట్లాడుకునేందుకు ఇచ్చినది. బస్సులాగా దారిలో ఎక్కించుకొని విడివిడిగా చార్జీ తీసుకోవడానికి 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే పర్మిట్ కావాలి. పట్టుబడితే బండి సీజ్ అవుతుంది, సీజ్ అయిన బండిని విడిపించుకునేందుకు పోయే రోజులు ఎవరూ లెక్కకట్టరు. తిరుగు గిరాకీ కావాలంటే ముందు రోజే కుదుర్చుకోవాలి. మా జిల్లా డ్రైవర్ల వాట్సాప్ గ్రూపుల్లో రోజూ కనబడే సందేశాలు ఇవే: ఫలానా సమయానికి శంషాబాద్‌లో బండి ఖాళీ, ఫలానా విమానానికి నల్లగొండ పార్టీ. ఆ గ్రూపులో మాట నిలబెట్టుకునేవాడని పేరు రావడానికి ఏడాది పట్టింది.

ఇప్పుడు యాప్ సంగతి. యాప్‌లో గిరాకీ వెతుక్కోనక్కరలేదు, బేరం ఆడనక్కరలేదు, డబ్బు కోసం తిరగనక్కరలేదు. ఈ మూడూ నిజమే. కొన్ని యాప్‌లు కమిషన్ కోసుకుంటాయి, కొన్ని రోజుకింత అని కట్టించుకుంటాయి. అయితే నల్లగొండవాడికి అసలు నష్టం కమిషన్‌లో లేదు. సోమవారం ఎల్బీనగర్ వెళ్ళే వంద కిలోమీటర్లు, శనివారం వచ్చే వంద కిలోమీటర్లు, పికప్ కోసం పోయే దూరాలు, అక్కడ గదికి కట్టే అద్దె, లేదా గది లేక సీటు వెనక్కి వాల్చి పడుకున్న రాత్రులు, ఇవన్నీ కలిపితే కమిషన్ చిన్నదిగా కనబడుతుంది. ఇంటి వైపు గిరాకీ ఇమ్మని యాప్‌లో పెట్టుకుంటే నాకు హయత్‌నగర్ వరకు దొరికేది. అక్కడి నుంచి ఇంటి దాకా బండి ఉత్తదే. ఆ ఏడు నెలల్లో నా కారు ఎక్కినవారిలో నా నంబరు దాచుకున్నవారు ఒక్కరూ లేరు, దాచుకోవలసిన అవసరం కూడా వారికి లేదు. హైదరాబాద్‌లో సొంత ఇల్లో, దగ్గరి చుట్టాల ఇల్లో ఉన్నవారికి యాప్ తప్పు దారి అని నేను అనను. నల్లగొండలో సంసారం పెట్టుకొని అక్కడ యాప్ నడపడం మాత్రం రెండు ఊళ్ళ ఖర్చు.

నెలవారీ అద్దెను ఈ కొలతతోనే చూస్తే దానికే మొదటి స్థానం ఇవ్వాలి. నా ఒప్పందంలో నెలకు 2,500 కిలోమీటర్ల వరకు డీజిల్, డ్రైవర్ నావే. ఖాళీ అంటే మా ఇంటి నుంచి అధికారి ఇంటి వరకు ఉన్న ఏడు కిలోమీటర్లు మాత్రమే. అయినా నేను ఆ స్థానం ఇవ్వలేకపోతున్నాను. మొదటి కారణం బిల్లు. బండి ప్రతి రోజూ నడుస్తుంది, డీజిల్ ప్రతి మూడో రోజూ పోయించాలి, కిస్తీ ప్రతి నెలా ఐదో తేదీన కోత పడుతుంది, బిల్లు మాత్రం దాని వీలును బట్టి వస్తుంది. నేను పెట్టిన కార్యాలయంలో ఒకసారి వరుసగా ఐదు నెలలు రాలేదు. మా ఇంట్లో పుస్తెలతాడు తప్ప మిగిలిన బంగారమంతా కుదువపెట్టి కిస్తీలు కట్టాను, వచ్చిన బిల్లులోంచి ఆ వడ్డీని ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ప్రైవేటు కంపెనీల్లో డబ్బు కొంత నయంగా వస్తుంది. దామరచర్ల థర్మల్ ప్లాంటు వైపు, మఠంపల్లి, వాడపల్లి సిమెంటు ఫ్యాక్టరీల వైపు బండ్లు పెట్టినవారు ఆ మాటే చెబుతారు. బిల్లులో టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను కోస్తే రిటర్న్ వేసి తిరిగి తెచ్చుకోవచ్చు; మనవాళ్ళు చాలామంది రిటర్న్ వేయకుండా ఆ సొమ్ము వదిలేసుకుంటున్నారు.

రెండో కారణం నాకు ఇంకా పెద్దది. మాఘమాసంలో మంచి ముహూర్తం ఉన్న రోజున ఊళ్ళో కారు దొరకక జనం సూర్యాపేట, మిర్యాలగూడలకు ఫోన్లు చేస్తుంటే, నా బండి ఆఫీసు ముందు వేపచెట్టు కింద సాయంత్రం దాకా నిలబడి ఉండేది. పద్నాలుగు నెలలు పూర్తయి ఒప్పందం ముగిసిన రోజున నా ఫోన్లో కొత్త గిరాకీ నంబర్లు ఎన్ని ఉన్నాయో చూసుకున్నాను. మూడు. అందులో ఒకటి ఆ ఆఫీసు అటెండరుది.

సొంత గిరాకీకి ఉన్న బలం ఇక్కడే బయటపడుతుంది. మన ఊళ్ళ గిరాకీలో ఎక్కువ భాగం పోయి వచ్చే గిరాకీ అన్న విషయాన్ని కొత్తవారు గమనించరు. నిమ్స్‌లో ఓపీ చూపించుకోవడానికి తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరిన పెద్దమనిషి సాయంత్రం అదే కారులో ఇంటికి వస్తాడు. యాదగిరిగుట్టకు పోయినవారు, చెర్వుగట్టుకు పోయినవారు, పిల్లను చూడటానికి పోయినవారు, పెళ్ళికి పోయినవారు అందరూ తిరిగి మన బండే ఎక్కుతారు. వెయిటింగు ఉంటుంది గాని, నిలబడిన బండి డీజిల్ తాగదు, టైరు అరగదు. ఖాళీగా పరుగెత్తిన బండి రెండూ చేస్తుంది. అందుకే కొత్తవారికి నేను చెప్పేది ఒకటే: ఎయిర్‌పోర్టు డ్రాపుల వెంట పడకుండా ఆసుపత్రి, గుడి, శుభకార్యాల గిరాకీని పట్టుకోండి, డ్రాపును తిరుగు గిరాకీ కుదిరినప్పుడే ఒప్పుకోండి.

ఇందులోనూ తెలిసి నడపకపోతే దెబ్బ తగులుతుంది. దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం ఒక్క రోజు ట్రిప్పు మాట్లాడుకున్న నా మొదటి ఏడాదిలో, దర్శనం ఆలస్యమై, తిరుగు దారిలో అడవి గేటు ఉన్న దోమలపెంట చేరేసరికి తొమ్మిది దాటింది. అమ్రాబాద్ పులుల అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లను వదలరు. పార్టీ ఆ రాత్రి గదికి డబ్బు పెట్టుకుంది గాని, రెండో రోజు కారు అద్దె దగ్గర మాట తేడా వచ్చింది. ఇప్పుడు శ్రీశైలం అనగానే, గేటు దాటలేకపోతే రెండో రోజు అద్దె, బత్తా పడతాయని బయలుదేరేముందే చెబుతున్నాను.

గిరాకీ ఎత్తుపల్లాలు కూడా దాచవలసినవి కావు. నా పుస్తకంలో పోయిన మాఘమాసంలో 19 రోజులు బండి నడిచింది, ఆషాఢంలో 8 రోజులే. పుష్యమాసం, మూఢాలు వచ్చినప్పుడూ అంతే. మాఘంలో మిగిలినదానితో రెండు కిస్తీలు ముందుగా పక్కన పెట్టలేనివాడు, లేదా ఇంట్లో మరో సంపాదన లేనివాడు సొంత గిరాకీతో మొదలుపెట్టకూడదు. వారు ఏడాది పాటు కంపెనీ అద్దెలో ఉండి కొంత నిలదొక్కుకోవడమే మంచిది. వాయిదా భారం తగ్గాలంటే కొత్త కారుకు బదులు మంచి సెకండ్ హ్యాండ్ బండి చాలు. సీఎన్‌జీ కిట్టు ఉన్న సెడాన్ ఖర్చు తగ్గిస్తుంది, కాని డిక్కీలో సగం సిలిండరే ఆక్రమిస్తుంది. అమెరికా చదువుకు పోయే పిల్లవాడి 23 కిలోల పెట్టెలు రెండు ఆ డిక్కీలో పట్టక, ఒకటి ముందు సీట్లో పెట్టి, సాగనంపడానికి వచ్చిన మేనమామను బస్సులో రమ్మన్న ఉదయం నాకు బాగా గుర్తుంది. ఆ మేనమామ ఇప్పటికీ నాకు గిరాకీ ఇవ్వడు.

డ్రైవర్ లేకుండా కార్లు అద్దెకివ్వడం గురించి కూడా అడుగుతున్నారు. అది నల్ల ప్లేటు వ్యాపారం, పెట్టుబడి వేరు, తలనొప్పి వేరు. ఒక్క కారుతో చేసేది కాదు. తెల్ల ప్లేటు సొంత కారును కిరాయికి తిప్పడం గురించి అయితే చర్చే అనవసరం, ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు వారు అడిగే మొదటి ప్రశ్న బండిలో ఉన్నది ఎవరనే.

పాలమూరు మిత్రులకు ఈ లెక్క కొంత మారుతుంది. మహబూబ్‌నగర్, జడ్చర్లల నుంచి 44వ నంబరు రహదారి నేరుగా శంషాబాద్ మీదుగానే పోతుంది, ఔటర్ ఎక్కే పని కూడా లేదు. తిరుగు ప్రయాణం ఖాళీ అయినా నష్టం మాకంటే తక్కువ. పైగా జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) మందుల కంపెనీలు ఉన్నాయి కాబట్టి నెలవారీ అద్దెకు ఆఫీసు బిల్లులనే నమ్ముకోవలసిన అవసరం లేదు. నేను అక్కడివాడినైతే బహుశా కంపెనీ అద్దెతోనే మొదలుపెట్టేవాడిని.

ఇక రెండో కారు ఎప్పుడు కొనాలన్నది మిగిలింది. బండి ఖాళీ లేక కాదన్న ప్రతి ఫోనును నేను తేదీతో సహా పుస్తకం వెనక పేజీల్లో రాసుకునేవాడిని. ఆ గిరాకీని తెలిసిన బండికి అప్పగిస్తే మనకు రెండు మూడు వందలు ముడుతుంది, కాబట్టి కాదన్నదీ పూర్తిగా నష్టం కాదు. మాఘంలో ఎన్ని కాదన్నామన్నది లెక్క కాదు, అప్పుడు అందరూ కాదంటారు. పోయిన ఆషాఢంలో పదకొండు ఫోన్లు కాదన్నట్టు ఆ పేజీలో కనబడిన తరువాతే ఎర్టిగాకు అడ్వాన్సు కట్టాను. దానికి జీతం మీద డ్రైవర్‌ను పెట్టిన నెలలోనే ఇద్దరు పాత గిరాకీలు నేరుగా అతనికి ఫోన్ చేయడం మొదలుపెట్టారు. అందుకని బండికే ఒక ఫోన్, ఒక నంబరు తీసుకొని, ఆ నంబరే వెనక అద్దం మీద రాయించాను. డ్రైవర్ మారినా నంబరు మారదు. అతను కొన్నాళ్ళు ముఖం మాడ్చుకున్నాడు గాని, గిరాకీ వచ్చిన ప్రతిసారీ బత్తా చేతిలో పడుతున్నందున ఇప్పుడు ఆ ఫోన్‌ను అతనే చార్జింగు పెడుతున్నాడు.