అమ్మమ్మా? క్రెష్షా?

26 వారాల ప్రసూతి సెలవు అయిపోతుందనగానే మొదలయ్యే టెన్షన్ ఇది: బిడ్డని అమ్మమ్మ దగ్గర ఉంచాలా, పగలు పిల్లల్ని చూసుకునే క్రెష్‌లో వేయాలా?

ఖర్చు: క్రెష్‌కి నెలనెలా ఫీజు. అమ్మమ్మకి ఫీజు లేదు గానీ, ఆవిడ మోకాళ్ల నొప్పులు, ఊళ్లో తాతయ్య ఒంటరి భోజనం ఎవరూ లెక్కవేయరు. 50 మందికి తగ్గకుండా పనిచేసే ఆఫీసులో క్రెష్ సదుపాయం ఉండాలని చట్టం చెబుతోంది. ముందు అది అడగండి.

శ్రమ: క్రెష్‌కి టైముకి దింపాలి, టైముకి తేవాలి. జ్వరమొస్తే రానివ్వరు. అమ్మమ్మ ఒళ్లో జ్వరానికీ చోటుంటుంది.

రిస్క్: క్రెష్‌లో ఒకరి జలుబు అందరికీ. ఇంట్లోనేమో ఫోన్. "ఇది కాకి ముద్ద, ఇది పిచ్చుక ముద్ద" అంటూ పప్పన్నం తినిపించిన మా అమ్మే, ఓపిక తగ్గాక మా వాడికి ఫోన్ ఇచ్చేసింది. తప్పు పట్టలేకపోయాను.

ఏడాదిలోపు బిడ్డ, ఓపికున్న అమ్మమ్మ అయితే ఇల్లే మేలు. పరుగులు పెట్టే వయసొస్తే పగలు క్రెష్, సాయంత్రం అమ్మమ్మ.