గునుగు పూలు, పొద్దుగుంకే ఆకాశం: ఒక్క రా ఫైలా, రెండు షాట్లు కలపడమా?

బతుకమ్మ రోజుల్లో తెలంగాణ చేల గట్ల మీద, బీడు భూముల్లో గునుగు విరగబూస్తుంది. సాయంత్రం ఆరు కావస్తుండగా పొద్దుకు ఎదురుగా నిలబడితే ప్రతి కంకి అంచునా వెండి నూగు మెరుస్తుంది, కొసన లేత గులాబీ రంగు. ఫొటో తీయబోతే వస్తుంది చిక్కు. పూలకు ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి ఎంత వెలుగు రానివ్వాలన్న లెక్క) పెడితే ఆకాశం తెల్లగా పోతుంది, ఆకాశానికి పెడితే పూలు నల్లబడతాయి.

దీనికి పాత మందు గ్రాడ్యుయేటెడ్ ఎన్‌డీ ఫిల్టర్, అంటే సగం ముదురు, సగం తేటగా ఉండే గాజు. చెరువు అవతలి గట్టులా అంచు తిన్నగా ఉంటే ఇప్పటికీ చక్కగా పనికొస్తుంది. గునుగుకు మాత్రం వద్దంటాను. కెమెరా కిందికి దించి తీస్తే కంకులు ఆకాశంలోకి పొడుచుకొస్తాయి. ఫిల్టర్ ఆకాశంతో పాటు వాటి కొసల్నీ, వెనకున్న తాటిచెట్ల తలల్నీ ముదురు చేసేస్తుంది.

ఆటో హెచ్‌డీఆర్, అంటే వేర్వేరు ఎక్స్‌పోజర్లతో తీసిన షాట్లను సాఫ్ట్‌వేరే కలిపేయడం, కూడా ఇక్కడ అంతంతమాత్రమే. మూడు షాట్లలో గాలికి ఊగిన కంకి మూడు చోట్ల ఉంటుంది. ఆ దెయ్యపు నీడలు పోగొట్టడానికి సాఫ్ట్‌వేర్ కదిలిన చోట ఏదో ఒక్క షాట్‌నే వాడుకుంటుంది. అంటే మనకు ముఖ్యమైన పూల దగ్గరే కలపడం వల్ల వచ్చే లాభం పోతుంది.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే: ఆకాశానికి ఒకటి, పూలకు ఒకటి తీసి ఒకదాని మీద ఒకటి లేయర్లుగా పెట్టి, ఏ భాగం ఏ షాట్‌లోంచి కనిపించాలో మాస్క్ గీసి చేత్తో కలపడం, లేదా ఆకాశం కాలిపోకుండా (పూర్తిగా తెల్లబడకుండా) ఒకే ఒక్క రా ఫైల్ (సెన్సర్ నమోదు చేసిన సమాచారాన్ని దాచుకునే ఫైల్) తీసి తర్వాత నీడల్ని పైకి లేపడం, అంటే చీకటి భాగాలను సాఫ్ట్‌వేర్‌లో వెలుగులోకి తేవడం.

ఆకాశానికి ఐఎస్‌ఓ (వచ్చిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలన్న అంకె) 100, లెన్స్ రంధ్రం ఎఫ్ 11, షటర్ సెకనులో 60వ వంతు సరిపోయిందనుకుందాం. పూలకు మూడు స్టాప్‌లు ఎక్కువ వెలుగు కావాలి (ఒక్కో స్టాప్‌కు వెలుగు రెట్టింపు), అంటే షటర్ సెకనులో 8వ వంతుకు రావాలి. చిరుగాలి ఉన్నా పూలు చెదిరిపోతాయి. అందుకని చాలామంది షటర్ అలాగే ఉంచి ఐఎస్‌ఓ 800కు పెంచి రెండో షాట్ తీస్తారు. స్క్రీన్ మీద పూలు బాగానే కనిపిస్తాయి కానీ సెన్సర్ మీద పడిన వెలుగు మొదటి షాట్‌లో ఎంతో ఇందులోనూ అంతే. ఇప్పటి మంచి సెన్సర్లు చాలావాటిలో ఐఎస్‌ఓ 100 రా ఫైల్‌ను మూడు స్టాప్‌లు లేపినా నాయిస్ (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు) దాదాపు అంతే ఉంటుంది. అలాంటప్పుడు వెంట్రుకల్లాంటి ఆ నూగు చుట్టూ మాస్క్ గీస్తూ రాత్రంతా కూర్చోవడం దేనికి? నాయిస్ నిజంగా తగ్గాలంటే షటర్ ఎక్కువసేపు తెరవాలి, దానికి పూలు కదలకుండా ఉండాలి. ఏది మేలో గాలే తేలుస్తుందని నేననేది అందుకే.

కాబట్టి గాలి ఆడుతుంటే ఒక్క రా ఫైలే. హైలైట్ వార్నింగ్ (తెల్లబడిపోయిన చోట్లను కెమెరా తెర మీద చూపే హెచ్చరిక) చూసుకుంటూ ఆకాశాన్ని కాపాడండి. సూర్యబింబం తెల్లబడితే పోనివ్వండి, కంటికీ అది అలాగే కనిపిస్తుంది. ఫొటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం భాగాల్లో నారింజ ఆకాశంలో ముందు కాలేది ఎరుపు చానెల్, దానికోసం ఎక్స్‌పోజర్‌లో కొంచెం జాగా వదలండి. పాత కెమెరా అయితే లేపిన నీడల్లో మచ్చలు, అడ్డగీతలు రావచ్చు. అప్పుడు గాలి ఆగిన క్షణం కోసం కాచుకుని రెండో షాట్ తీయక తప్పదు.

కలిపేటప్పుడు ఒక్క విషయంలో నాకు పట్టుదల. పూలు ఆకాశం కన్నా కాస్త ముదురుగానే ఉండాలి. వెనక నుంచి వెలుగు వస్తుంటే అంచు మెరుపు మినహా ముందున్న పూలు ఆకాశాన్ని మించి వెలిగిపోవడం సాధారణంగా ఉండదు. మధ్యాహ్నం తీసిన పూలకు సాయంత్రపు ఆకాశం అతికించడం నాకు అస్సలు నచ్చదు, నీడలు ఎటు పడ్డాయో చూస్తే తెలిసిపోతుంది.

పొద్దుగుంకాక సాధారణంగా గాలి నెమ్మదిస్తుంది, రెండు షాట్లు కలపడానికి అదే మంచి సమయం. అయితే అప్పటికి కంకుల అంచున ఆ వెండి మెరుపు ఉండదు. అందుకే పొద్దు ఉండగానే మెరుపు కోసం ఒక్క షాట్ ఫొటోలు ముగించి, ట్రైపాడ్ కదపకుండా ఉంచి, ఎర్రజీర ఆకాశం కోసం బ్రాకెటింగ్ (వేర్వేరు ఎక్స్‌పోజర్లతో వరుస షాట్లు తీసే అమరిక) ఆన్ చేయండి.