టర్ఫ్ కోర్టు వేయిస్తున్నారా? పచ్చిక పరిచేలోపే కింద నేల చూడండి

పెరట్లో ఆర్టిఫిషియల్ టర్ఫ్ కోర్టు వేయించాలని చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా కోర్టుకి ఏడాది కూడా నిండలేదు. పోయిన వారం దాన్ని సగం మేర చాపలా చుట్టి గోడకి ఆనించాం. ఎక్కడ మోసపోయామో ఉన్నదున్నట్టు చెబుతాను.

అసలు పొరపాటు మాదే. వారం రోజులు శాంపిల్ ముక్కలు పట్టుకుని కూర్చున్నాం. అరచేయంత ముక్కలు, నాలుగు రకాల ఆకుపచ్చలు. ఇది మెత్తగా ఉంది, అది ముదురుగా ఉంది అని ఇంటిల్లిపాదీ ఒకటే చర్చ. కింద ఏం వేస్తారని ఒక్కసారి అడిగితే, "బేస్ సంగతి మాకు వదిలేయండి, రోజూ చేసే పనేగా" అన్నాడు కాంట్రాక్టర్. వదిలేశాం. కొటేషన్‌లోనూ "బేస్ ప్రిపరేషన్" అని ఒక్క లైనే ఉంది. ఎంత లోతు, ఎంత మందం, ఏ సైజు కంకర, ఏమీ లేదు.

నాలుగు రోజులన్న పని రెండు రోజుల్లో అయిపోయింది. మేం సంబరపడ్డాం కూడా! పైగడ్డి చెక్కారు, రాతి పొడి చల్లారు, చేత్తో దిమ్మిస కొట్టారు, టర్ఫ్ పరిచేశారు. అంతే.

జరగాల్సింది ఇది. మెత్తటి పైమట్టి మొత్తం తీసేయాలి. ఇంటి కోర్టుకి మామూలుగా 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతు తవ్వుతారు, బంకమట్టి అయితే ఇంకా ఎక్కువే. మట్టీ కంకరా కలిసిపోకుండా మధ్యలో జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవాలి. కంకరని పొరలు పొరలుగా పోసి, ఒక్కో పొరనీ కాస్త తడిపి, ప్లేట్ కంపాక్టర్‌తో కుదించాలి. మొత్తం ఒకేసారి పోసి మీద మీద తొక్కిస్తే పైన గట్టిపడుతుంది, అడుగు వదులుగానే ఉంటుంది. ఆ పైన సన్న రాతి పొడి వేసి మట్టం చేయాలి. మట్టమంటే పూర్తిగా సమంగా కాదు, మీటరుకి ఒక సెంటీమీటరైనా వాలు ఉండాలి, అదీ ఇంటి గోడ వైపు కాకుండా. చుట్టూ అంచు కట్ట లేకపోతే ఈ కంకరంతా మెల్లగా పక్కలకి జారిపోతుంది.

మొదటి పెద్ద వానకే మాది బయటపడింది. నడిమధ్యన మంచమంత మేర నీళ్లు నిలిచాయి. రెండో రోజు మా వాడు అక్కడ అడుగు పెడితే పోగుల సందుల్లోంచి ఎర్రటి బురద నీళ్లు వేళ్ల మధ్యకి ఉబికాయి. ఫోన్ చేస్తే, "బ్యాకింగ్‌కి రంధ్రాలున్నాయి, అవే దిగిపోతాయి" అని జవాబు. బ్యాకింగ్ అంటే టర్ఫ్ అడుగు పొర. దానికి రంధ్రాలు ఉన్నమాట నిజమే. రంధ్రం కింద బంకమట్టి ఉంటే నీళ్లెక్కడికి పోతాయి?

ఆట సంగతి కూడా చెప్పాలి. ఫిఫా మైదానాల పరీక్షలో బంతిని 2 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే 60 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా ఎగరాలి. ఇంటి కోర్టుకి అంత పట్టింపు అక్కర్లేదు గానీ, సరదాకి టేపు పెట్టి చూశాను. మడుగు కట్టే చోట బంతి మోకాలి దాకా కూడా రాలేదు, పక్కన రెండడుగుల దూరంలో నడుం దాకా లేచింది. దానికి తోడు మాకు అంటగట్టింది లాన్ కోసం చేసే 40 మిల్లీమీటర్ల టర్ఫ్. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. రకరకాల ఆటలాడే కోర్టుకి కావాల్సింది పొట్టిగా, దట్టంగా ఉండి ఇసుక నింపేది. మా పొడుగు పోగులు నెల తిరక్కుండా పడుకుండిపోయాయి.

అతుకులైతే ఇంకా ఘోరం. రోల్ వెడల్పు సాధారణంగా 4 మీటర్లకి మించదు కాబట్టి అతుకు తప్పదు. మాకు అతుకుల కింద వేసిన టేపు మీద జిగురు చుక్కలు చుక్కలుగా పెట్టారు. పైగా ఒక పట్టీని పోగుల వాలు చూసుకోకుండా తిప్పి వేశారు. సాయంత్రం ఎండలో సగం కోర్టు ముదురుగా, సగం వెలిసినట్టుగా కనిపిస్తుంది. రంగు కోసం వారం రోజులు తన్నుకున్నాం కదా, అదీ ఫలితం! లేచిన అతుక్కి బొటనవేలు తగిలి మా అమ్మాయి బోర్లా పడ్డాకే ఆట ఆపించేశాను.

వారంటీ అంటారా? కాగితం తీసి చదివితే రంగు వెలిస్తే మాత్రమే వర్తిస్తుందట. నేల కుంగడం, అతుకులు ఊడటం అందులో లేవు.

వేడి గురించి మాకెవరూ ముందే చెప్పలేదు. నడి ఎండలో దీని పైభాగం 60 డిగ్రీలు దాటిపోగలదు. నీళ్లు చల్లితే ఆ కాసేపే. కిటికీల్లో వేడిని వెనక్కి కొట్టే రకం అద్దాలుంటే వాటి మీంచి పడే ఎండకి పోగులు కరిగి ముడుచుకుపోతాయి కూడా.

అడ్వాన్సు ఎంతైనా ఇవ్వండి, బేస్ చూడకుండా రెండో విడత మాత్రం ఇవ్వకండి. తవ్విన లోతు టేపుతో కొలిచి ఫొటో తీసుకోండి. కుదించాక మడమతో గట్టిగా తొక్కండి, గుంట పడకూడదు. అంచు నుంచి అంచుకి దారం లాగి కట్టి చూడండి. ఆ తర్వాత గొట్టంతో బాగా నీళ్లు పట్టి, అవి ఎక్కడ నిలుస్తున్నాయో దగ్గరుండి చూడండి. "అవసరం లేదండీ, ఆలస్యమవుతుంది" అంటే అక్కడే పని ఆపించండి. టర్ఫ్ పరిచాక మీకు కనిపించేది పచ్చదనమే.

మేం చుట్ట చుట్టినప్పుడు కింద రాతి పొడి రెండు వేళ్ల మందం కూడా లేదు. దాని అడుగున పాత గడ్డి వేళ్లు తెల్లగా, ఇంకా బతికే ఉన్నాయి. ఇప్పుడు వేరే మేస్త్రీ తవ్వుతున్నాడు. టర్ఫ్ ఇంకా ఆర్డర్ పెట్టలేదు. కంకర వేశాక ఒక వాన చూసి పెడతాం.