హోండా పాయింట్: టూర్‌లో చూపించలేదు, రైలు కిటికీలోంచి కనిపించింది

మనిషికి 85 డాలర్లు, నలుగురికి 340. "1923లో ఏడు యుద్ధనౌకలు రాళ్ళకు గుద్దుకున్న చోటు చూపిస్తాం" అని చెప్పి తీసుకున్న డబ్బు అది. కాలిఫోర్నియాలోని లొంపోక్ ఊళ్ళో వ్యాను ఎక్కించుకుని, హైవే 1 మీంచి పద్నాలుగు మైళ్ళ వంకర రోడ్డులో హలామా బీచ్‌కు దింపి, పడమటి వైపున్న రాళ్ళు చూపించి అదే హోండా పాయింట్ అన్నారు. కాదు. హోండా అక్కడికి వాయవ్యంగా పది మైళ్ళ దూరంలో, ఆర్గ్వెల్లో మొనకు అవతల ఉంది. హలామా ఇసుకలో ఎక్కడ నిలబడ్డా కనిపించే అవకాశమే లేదు. హోండా వాండెన్‌బర్గ్ స్పేస్ ఫోర్స్ బేస్ లోపల ఉంది, మామూలు జనానికి ప్రవేశం లేదు. కాబట్టి అక్కడికి కారులో తీసుకెళ్తామని ఎవరైనా అంటే, బేస్ అనుమతి కాగితం చూపించమని ముందే అడగండి. అది లేకపోతే పైసా ఇవ్వకండి.

చోటు తప్పు చూపించారన్న కోపం ఒకటైతే, చెప్పిన కథ ఇంకా కోపం తెప్పించింది. జపాన్ భూకంపానికి లేచిన అల ఓడల్ని ఎత్తి రాళ్ళ మీద పడేసిందట! 23 మంది నావికులు చనిపోయిన ప్రమాదం గురించి డబ్బు తీసుకుని చెప్పాల్సింది ఇది కాదు.

జరిగింది ఇదీ. సెప్టెంబరు 8 ఉదయం శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతం నుంచి 14 డిస్ట్రాయర్లు (వేగంగా వెళ్ళే యుద్ధనౌకలు) శాన్ డియాగోకి బయల్దేరాయి. ముందు నడిచిన నౌక డెల్ఫీ. అందులో స్క్వాడ్రన్ (ఆ నౌకల దళం) అధిపతి కెప్టెన్ ఎడ్వర్డ్ వాట్సన్, నౌక కమాండర్ డొనాల్డ్ హంటర్ ఉన్నారు. వేగం 20 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు). అక్కడిదాకా కాలిఫోర్నియా తీరం ఉత్తర దక్షిణాలుగా సాగి, ఆర్గ్వెల్లో, కాన్సెప్షన్ మొనల దగ్గర ఒక్కసారి తూర్పుకు తిరుగుతుంది. శాంటా బార్బరా చానల్‌లోకి పోయే ఓడ ఆ మొనలు దాటాకే ఎడమకు మళ్ళాలి. ముందే మళ్ళిందా, ఎదురుగా కొండగట్టు.

పొగమంచులో తీరం కనిపించలేదు. నౌక ఎక్కడుందో దిక్కు, వేగం, గడిచిన సమయం లెక్కగట్టి అంచనా వేశారు. ఈ లెక్కలో చిక్కేమిటంటే, వేగాన్ని ప్రొపెల్లర్ ఎన్ని చుట్లు తిరిగిందన్న దాన్నిబట్టి తీస్తారు. వెనక నుంచి పెద్ద అలలు తోస్తున్నా, నీటి ప్రవాహం పక్కకు లాగుతున్నా ఆ చుట్ల సంఖ్యకు తెలియదు. తప్పు గంటగంటకూ పేరుకుపోతుంది. దాన్ని పట్టుకోవడానికి ఆ రోజు రెండు దార్లున్నాయి. ఒకటి లోతు కొలవడం. అందుకు నౌక నెమ్మదించాలి, వేగం తగ్గించడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. రెండోది ఆర్గ్వెల్లో మొన మీది రేడియో కేంద్రం. నౌక పంపిన సంకేతం ఏ దిక్కునుంచి వస్తోందో కేంద్రం చెబుతుంది. అది చెప్పిన అంకె 330 డిగ్రీల దరిదాపుల్లో ఉంది, అంటే నౌకలు ఇంకా కేంద్రానికి ఉత్తరంగానే ఉన్నాయి. అప్పటి పరికరాల్లో సరిగ్గా ఎదురు దిక్కు చూపించే పొరపాటు ఉండేది. డెల్ఫీ మీదివాళ్ళు తాము మొన దాటి దక్షిణానికి వచ్చేశామని గట్టిగా నమ్మారు కాబట్టి, ఆ అంకెను తిరగేసి 150గా తీసుకున్నారు. సరైన సమాధానం చేతిలో ఉండగానే దాన్ని తలకిందులు చేశారు.

రాత్రి 9 గంటలకు తూర్పుకు మళ్ళారు. అయిదు నిమిషాలకు డెల్ఫీ రాళ్ళెక్కింది. వెనకవాళ్ళు ఎందుకు ఆగలేకపోయారని చాలామంది అడుగుతారు. 20 నాట్లంటే సెకనుకు సుమారు 34 అడుగులు. ఆ నౌకల పొడవు 314 అడుగులు. తన పొడవంత దూరం తొమ్మిది సెకన్లలో దాటేసే నౌకలు, మంచులో, ఒకదాని వెనక ఒకటి. ఎస్. పి. లీ, యంగ్, వుడ్‌బరీ, నికొలస్, ఫుల్లర్, చాన్సీ కూడా తగులుకున్నాయి. ఫారగట్, సోమర్స్ తాకీ బయటపడ్డాయి. చివరనున్న అయిదూ దెబ్బ తగలకుండా తప్పించుకున్నాయి.

యంగ్ గతి అన్నిటికన్నా ఘోరం. నీటి కిందున్న రాయి అడుగుభాగాన్ని చీల్చేసింది, రెండు నిమిషాలైనా కాకుండానే కుడిపక్కకు ఒరిగిపోయింది. చనిపోయిన 23 మందిలో 20 మంది ఈ నౌకవాళ్ళే. మిగతావాళ్ళు పైకి తేలిన ఎడమ పక్క మీదికి ఎక్కి, కిటికీ రంధ్రాలు పట్టుకుని వేలాడారు. ఆర్థర్ పీటర్సన్ అనే బోట్స్‌వెయిన్ (డెక్ పనులు చూసే నావికుడు) తాడు పట్టుకుని నూనె తేలుతున్న నీళ్ళలో ఈదుతూ చాన్సీ చేరాడు. ఆ తాడు వెంట చిన్న తెప్పను అటూ ఇటూ లాగి 70 మందిని దాటించారు. గైడు నోట ఆయన పేరే రాలేదు.

భూకంపం మాట పూర్తిగా కల్పన కాదు. జపాన్‌లో కాంటో భూకంపం సెప్టెంబరు 1న వచ్చింది, ఆ వారంలో ప్రవాహాలు మారి ఉండవచ్చన్న వాదన ఉంది. ఈ ప్రమాదం జరిగిన రోజే హోండాకు దక్షిణాన శాన్ మిగెల్ ద్వీపం దగ్గర క్యూబా అనే ప్రయాణికుల ఓడ కూడా రాళ్ళెక్కింది. కానీ ప్రవాహం పక్కకు లాగడం వేరు, అల ఎత్తి పడేయడం వేరు. కోర్ట్ మార్షల్‌లో (సైనిక విచారణలో) వాట్సన్ బాధ్యత తనదేనన్నాడు. ఆయన్నీ హంటర్‌నీ దోషులుగా తేల్చారు. ఏడు శిథిలాల్నీ 1,035 డాలర్లకు తుక్కుకింద అమ్మేశారు.

సరే, చూడటం ఎలా? రైల్లో. పసిఫిక్ సర్ఫ్‌లైనర్ శాంటా బార్బరా నుంచి శాన్ లూయిస్ ఒబిస్పో వైపు వెళ్తూ బేస్ లోపలినుంచే గట్టు అంచున నడుస్తుంది. అటువైపు వెళ్ళేటప్పుడు ఎడమ పక్క, పై అంతస్తులో కూర్చోండి. గోలీటా దాటాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. మ్యాప్‌ను ముందే దింపుకుని పాయింట్ పెడెర్నాలెస్ దగ్గర గుర్తు పెట్టుకోండి, హోండాకు మ్యాపుల్లో ఉండే పేరు అదే. ఆర్గ్వెల్లో దాటాక కుడివైపు రాకెట్ ప్రయోగ కట్టడాలు కనబడగానే లేచి కిటికీకి ఆనుకోండి. కాసేపట్లో హోండా వాగు మీది వంతెన వస్తుంది, ఆ దగ్గర్లోనే నల్లటి రాతి పళ్ళు నురగలో కనిపిస్తాయి. ఒక నిమిషం, అంతే. శిథిలాలు కనబడవు. కానీ రాళ్ళు గట్టుకు ఎంత దగ్గరో, ఆ గట్టు ఎంత నిటారుగా ఉందో చూస్తే ఆ చీకట్లో ఏడు వందలకు పైగా మనుషులు ఎలా బతికారా అనిపిస్తుంది. బతికినవాళ్ళని తీసుకెళ్ళడానికి రైలు వచ్చింది కూడా ఈ దారిలోనే. మా అక్క కిటికీ దగ్గర నుంచి చాలాసేపు కదల్లేదు.

హోండా దాటాక అయిదారు మైళ్ళకు సర్ఫ్ స్టేషన్. టికెట్ కౌంటరు లేదు, టాక్సీ లేదు, లొంపోక్ ఊరు దాదాపు పది మైళ్ళు. మేం బావగారిని కారులో అక్కడికి రమ్మన్నాం. అసలు దృశ్యం తనకు తప్పిపోయిందని రాత్రి భోజనం దాకా ఆయన ముభావంగానే ఉన్నారు. డ్రైవర్లు ఇద్దరుంటే వచ్చేటప్పుడు మార్చుకోండి, కారు నడిపినవాళ్ళు రైలెక్కుతారు. దక్షిణంగా వచ్చే రైల్లో సముద్రం కుడిచేతి వైపు. కోస్ట్ స్టార్‌లైట్ కూడా ఇవే పట్టాల మీద వెళ్తుంది గానీ సర్ఫ్‌లో ఆగదు.

సర్ఫ్ బీచ్‌లో ఈత వద్దు. 2010లో, 2012లో షార్క్ దాడుల్లో ఇద్దరు చనిపోయిన చోటు అది. మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 వరకు స్నోయీ ప్లవర్ పక్షుల గూళ్ళ కోసం చాలా భాగం మూసేస్తారు. ప్రమాదం జరిగిన రోజుకే రావాలనుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు బీచ్ మొత్తం మూతపడవచ్చు. ఆగస్టులోనైనా జాకెట్ కావాలి.

బస లొంపోక్‌లోనే చౌక. మేం దిగిన మోటెల్ గదికి 139 డాలర్లు, శుభ్రంగానే ఉంది. కానీ కౌంటర్లో ఇంకో 18 డాలర్లు "సదుపాయాల రుసుం" అన్నారు. 2024 జులై 1 నుంచి కాలిఫోర్నియాలో తప్పనిసరి రుసుములన్నీ చూపించే ధరలోనే కలిపి ఉండాలి, విడిగా వేయదగ్గది ప్రభుత్వ పన్నే. బుకింగ్ పేజీ ఫోన్లో చూపించి ఆ మాటే చెప్తే తీసేశారు. మీరూ ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

హలామాకు వెళ్తే బర్గర్ కోసం వెళ్ళండి, చాలా బాగుంది, టూర్ రోజున మాకు దక్కిన సంతోషం అదొక్కటే. లా పురిసిమా మిషన్‌కు (పాత స్పానిష్ చర్చి ప్రాంగణం) ఒక పూట చాలు.

లొంపోక్‌లో వెటరన్స్ మెమోరియల్ బిల్డింగ్ బయట మాత్రం తప్పకుండా ఆగండి. డెల్ఫీ ప్రొపెల్లర్, దాని ఇరుసు అక్కడే ఉన్నాయి. ఆ రోజు లెక్కగట్టిన చుట్లు ఈ రెక్కలవే. ఆరుబయటే ఉన్నాయి కాబట్టి టికెట్ లేదు. రైలుకు ముందు రోజే చూసి పెట్టుకుంటే మంచిది.