తిరుపతి ఎండల్లో బోన్సాయ్ కిట్: ఏళ్ల తరబడి వాడిన తర్వాత

2020లో లాక్‌డౌన్ సడలించాక ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న బోన్సాయ్ కిట్‌ను తిరుపతిలోని మా మిద్దెపైన నేటికీ వాడుతున్నాను. అందులో కొమ్మను మొదలంటా లోగుంట పడేలా కోసే కట్టర్, ఒక కత్తెర, వేళ్లను విడదీసే కొక్కెం, కొమ్మలను వంచి నిలపడానికి చుట్టే మూడు మందాల అల్యూమినియం తీగ, కుండీ రంధ్రాలపైన పరిచే ప్లాస్టిక్ జాలీ, ఒక సంచి మట్టి మిశ్రమం, ఒక చిన్న పింగాణీ కుండీ ఉన్నాయి. నేను పెంచుతున్నవన్నీ లేత చెట్లే: నర్సరీలో కొన్న జువ్వి, గింజ నాటి మొలిపించిన చింత, కొమ్మ నాటిన కాగితంపూల మొక్క. (శేషాచలం అడవిలోంచి మొక్క పీకి తేవడం నేరం. ఎర్రచందనం సంగతి చెప్పనే అక్కర్లేదు.) వస్తువుల నాణ్యతలో పెద్దగా వంక పెట్టడానికి లేదు. అయితే ఈ కిట్‌ను కూర్చినవారు చల్లని దేశంలో నింపాదిగా పెరిగే చెట్లను దృష్టిలో పెట్టుకున్నారని, మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊరిని వారు ఊహించలేదని వాడేకొద్దీ తెలిసివచ్చింది.

మొదట పక్కన పెట్టవలసింది మట్టి సంచిని. అందులో అధిక భాగం కొబ్బరి పొట్టే. వానాకాలంలో అది నీటిని వదలదు, వేసవిలో ఒక్కసారి పూర్తిగా ఎండిందంటే మళ్లీ పీల్చుకోదు. పోసిన నీళ్లు కుండీ అంచుల వెంట జారి అడుగు రంధ్రంలోంచి బయటికి పోతాయి, నడుమ ఉన్న ముద్ద మాత్రం పొడిగానే మిగులుతుంది. పైగా లోతు తక్కువ కుండీలో అడుగున నిలిచే తడి పొర వేళ్లకు మరీ దగ్గరగా ఉంటుంది కనుక, పూలకుండీకి సరిపోయే మెత్తని మట్టి ఇక్కడ వేళ్లను కుళ్లబెడుతుంది. జపాన్‌లో ఇందుకోసం తొచిగి ప్రాంతంలో తవ్వితీసే అకడమా అనే గుళికల మట్టిని వాడతారు. మనకు అది దిగుమతి ధరకు గానీ దొరకదు, దొరికినా కొన్నాళ్లకు చిదికి మెత్తబడుతుంది.

దాని పనిని మన ఇటుక చక్కగా చేస్తుంది. కాకపోతే బాగా కాలిన ఇటుకే కావాలి. ఒక ముక్కను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తే సంగతి తేలిపోతుంది: నలిగితే పనికిరాదు. కొట్టిన ముక్కలను రెండు జల్లెళ్లలో పట్టి, ఐదారు మిల్లీమీటర్లకు మించినవాటినీ రెండు మిల్లీమీటర్లకు తగ్గినవాటినీ తీసివేసి, నడుమ మిగిలినదాన్ని కడగాలి. మొదటి కడుగు కుంకుమ నీళ్లలా ఉంటుంది. నీరు తేటపడేదాకా కడగడం ఓపికతో కూడిన పనే అయినా, ఆ దుమ్మే తర్వాత కుండీ అడుగుకు దిగి నీటి దారిని మూసేస్తుంది కాబట్టి తప్పించుకోవడానికి లేదు. నేను మూడు పాళ్లు ఇటుక, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా మాగిన ఆకు ఎరువు కలుపుతున్నాను. చింతకు ఎరువు పాలు ఇంకా తగ్గిస్తాను. వేసవిలో ఈ మిశ్రమానికి రెండు పూటలా నీళ్లు పోయక తప్పదు. తరచు ఊళ్లు తిరిగేవారు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

కిట్‌తో వచ్చిన కరపత్రం కుండీ మార్చే పనిని వసంతంలో పెట్టుకోమంటుంది. అది మంచు కరిగి నేల మెల్లగా వెచ్చబడే దేశాల వసంతం. మన దగ్గర ఉగాదికి వేళ్లు కోసిన చెట్టు, నిలదొక్కుకునేలోపే నడివేసవిలో చిక్కుకుంటుంది. జువ్వికి జూన్ నెలాఖరు నుంచి ఆగస్టు దాకా, ఎండ తగ్గి గాలిలో తేమ చేరినప్పుడు కుండీ మార్చడం అన్ని విధాలా మేలు. చింతకు చిగురు తొడిగే ముందు మార్చవచ్చు గానీ, అలా చేస్తే ఆ వేసవంతా నీడవల కిందే ఉంచాలి. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం ఏ చెట్టు వేళ్లనూ ముట్టుకోను. తిరుపతికి ముసురు పట్టే కాలమది, కోసిన వేళ్లు రోజుల తరబడి తడిలోనే ఉండిపోతాయి.

నర్సరీ జువ్విని సంచి చించి బయటికి తీస్తే చేతికి వచ్చేది ఎర్రని జిగట మట్టి ముద్ద, దాని చుట్టూ చుట్టలు చుట్టుకున్న వేళ్లు. దీన్ని కొక్కెంతో లాగితే మట్టికంటే ముందు వేళ్లు తెగుతాయి. బకెట్ నీళ్లలో కాసేపు నాననిచ్చి, సన్నని పైపు ధారతో మొదలు దగ్గర నుంచి బయటి వైపుకు కడుగుతూ, వెదురు పుల్లతో ఒక్కో వేరునూ విడదీయడం ఉత్తమం. తర్వాత నిట్టనిలువుగా దిగిన తల్లివేరును కోసి, మొదలు చుట్టూ అడ్డంగా పరుచుకున్న వేళ్లను నిలుపుకోవాలి. ఒకదానిపైకి ఎక్కిన వేరును లేతగా ఉండగానే తీసేయాలి, లావెక్కాక దాన్ని సరిచేయలేము. జువ్వి సగం వేళ్లు పోయినా తట్టుకుంటుంది. చింతకు మూడో వంతు దాటకపోవడం క్షేమం. కాగితంపూల మొక్క వేళ్లు మరీ పెళుసు, కనుక దాని మట్టిని కడగకుండా అంచులు మాత్రమే సవరించాలి. కొత్త కుండీలో పెట్టాక, అడుగు రంధ్రాల గుండా ముందే దూర్చి ఉంచిన తీగతో చెట్టును కదలకుండా కట్టివేయాలి. గాలికి ఊగే చెట్టుకు కొత్త పీచువేళ్లు పుట్టినవి పుట్టినట్టే తెగిపోతుంటాయి.

అల్యూమినియం తీగ నాణ్యమైనదే. కొమ్మ లావులో మూడో వంతు మందమున్న తీగను నలభై ఐదు డిగ్రీల వాలుతో చుడితే వంపు బాగా నిలుస్తుంది. రాగి తీగ ఇంకా గట్టిగా పట్టి ఉంచుతుంది గానీ లేత కొమ్మలకు అంత అవసరం లేదు. చిక్కల్లా కరపత్రంలో రాసిన గడువుతోనే. ఆరు నెలలు ఉంచమని అందులో ఉంది. వానాకాలపు జువ్వి కొమ్మ మూడు నాలుగు వారాల్లోనే ఉబ్బి, తీగకు ఇరువైపులా బెరడు లేచి దాన్ని మింగడం మొదలుపెడుతుంది. వారానికోసారి కొమ్మ అడుగు భాగాన్ని తిప్పి చూడవలసిందే. తీసేటప్పుడు కూడా చుట్లు విప్పకుండా, ప్రతి చుట్టునూ కత్తిరించి ముక్కలుగా తీయాలి. తీగ పోయినా కొమ్మ దక్కుతుంది. చింత కొమ్మ అంత తొందరపడదు, కొన్ని నెలలు ఆగుతుంది. చీకటి పడేవేళకు చింతాకు ముడుచుకుంటుంది కాబట్టి కొమ్మల అల్లిక తేటగా కనిపిస్తుంది, దానికి తీగ చుట్టడానికి సాయంత్రమే నాకు అనువైన సమయం.

జువ్వికైతే ఇప్పుడు తీగ వాడకం బాగా తగ్గించాను. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో లింగ్నాన్ పద్ధతి ఒకటి ఉంది: కొమ్మను వంచే బదులు, కావలసిన దిక్కుకు చూసే మొగ్గపైన కత్తిరించి, వచ్చిన రెమ్మను తగినంత లావెక్కనిచ్చి మళ్లీ కత్తిరిస్తారు. అదీ వేడి ప్రాంతమే. మన జువ్వి పెరిగే వేగానికి ఆ పద్ధతి అతికినట్టు సరిపోయింది.

కట్టర్ ధరే కిట్ ధరలో ఎక్కువ అనిపిస్తుంది గానీ మొదటి రెండేళ్లూ దానితో పని పడదు. పెన్సిల్ లావు కొమ్మలకు కత్తెర చాలు. బొటనవేలంత కొమ్మను తీసేయవలసి వచ్చినప్పుడే, ఆ లోగుంట గాయం బొడిపె కట్టకుండా మానుతుందన్న ప్రయోజనం తెలుస్తుంది. జువ్వి పాలు అంటిన అంచును అప్పటికప్పుడు తుడిచి నూనె రాయకపోతే ముసురు రోజుల్లో తుప్పు పట్టడం ఖాయం. విడివిడిగా కొనే వీలున్నవారు కత్తెర, తీగ, జాలీ తీసుకుని కట్టర్‌ను తర్వాతికి వాయిదా వేయవచ్చు.

పింగాణీ కుండీ చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, ఇంకా మొదలు లావెక్కవలసిన చెట్టుకు అది ఇరుకు. వెడల్పాటి మట్టి పళ్లాలను కుమ్మరి దగ్గర చేయించుకున్నాను. పెద్ద రంధ్రాలు పెట్టమంటే ఆయన, "ఇంతింత బొక్కలు పెడితే నీళ్లు యాడ నిలస్తాయి సామీ?" అని అడిగాడు. నిలవకూడదనే కోరుతున్నానని చెప్పి ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మెరుగు పూత లేని ఆ పళ్లాలు గోడల గుండా చెమర్చి వేళ్లను చల్లగా ఉంచుతాయి. వాటిని కాగిన మిద్దెపైన నేరుగా పెట్టకుండా ఇటుకలపైన నిలిపితే అడుగున గాలి కూడా ఆడుతుంది. మా బోరు నీటిలోని ఉప్పు వాటి అంచులపైన తెల్లగా పేరుకుంటోంది. వానలు మొదలవగానే కుండీలన్నిటినీ ఆరుబయట పెట్టి, ఆ నీరు మట్టిలోంచి ధారాళంగా పారిపోనివ్వడం తప్ప దానికి వేరే మందు వాడటం లేదు.