రెజిన్ నింపిన స్పా లైటు: దీపానికి నాలుగు మార్కులు, సంచిలో వచ్చే గ్లాండుకు సున్నా

తిరుపతిలో హోటళ్ల మేడల మీద, ఊరి చుట్టూ లేచిన విల్లాల్లో ఉన్న టైల్స్ స్పా టబ్బుల్లో చాలావాటికి ఇంకా పాత రకం లైటే ఉంది. గోడలో గుండ్రటి గూడు, గాజు మూత, రబ్బరు గాస్కెట్, లోపల పార్-56 హాలోజన్ బల్బు. అది పోయాక దుకాణంలో ఇప్పుడు చేతికిచ్చేది రెజిన్ (పోశాక గట్టిపడే జిగురు) నింపిన ఎల్‌ఈడీ పళ్లెం. ఇక్కడ చూస్తున్నది దాన్నే: 12 వోల్టుల ఏసీ, 18 వాట్లు, ఏబీఎస్ ప్లాస్టిక్ బాడీ, వెనక బ్రాకెట్, ఒకటిన్నర మీటరు కేబుల్, చిన్న సంచిలో నాలుగు స్క్రూలు, నాలుగు ప్లగ్గులు, కేబుల్ చుట్టూ బిగించి నీళ్లు ఆపే ఒక ప్లాస్టిక్ గ్లాండు. పేరున్న కంపెనీలవీ దొరుకుతాయి, పేరు లేకుండా చెన్నై నుంచి పార్శిల్‌లో దిగేవీ దొరుకుతాయి. పద్ధతి మాత్రం ఒకటే.

ముందు మెచ్చుకోవాల్సింది రెజిన్‌ని. పాత లైటులో గాజుకీ బల్బుకీ మధ్య గాలి ఉండేది. వెలిగినప్పుడు ఆ గాలి వేడెక్కి వ్యాకోచించి గాస్కెట్ సందులోంచి కొంత బయటికి పోతుంది. ఆర్పాక చల్లబడి, పోయినంత మేర నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. రోజూ ఇదే తంతు. పైగా స్పా నీళ్లు 38 నుంచి 40 డిగ్రీల వేడి, అందులో క్లోరిన్. ఈత కొలనులో కంటే ఇక్కడ గాస్కెట్ తొందరగా గట్టిపడి పోతుంది. రెజిన్ పళ్లెంలో గాలీ లేదు, గాస్కెట్టూ లేదు, పీల్చుకోవడానికి చోటే లేదు. ఐపీ-68 (నీళ్లలో మునిగినా ఫరవాలేదనే గుర్తు) అని ముద్ర వేసుకున్నవాటిలో ఈ కట్టడి ఉన్నదే నిజంగా నీళ్లలో నిలుస్తుంది. కొనేముందు వెనక్కి తిప్పి చూడండి. కేబుల్ బయటికి వచ్చే చోట రెజిన్ కేబుల్‌ని చుట్టూ పట్టుకుని ఉండాలి. అక్కడ సందు కనిపించినా, కేబుల్ వేలితో కదిలినా తీసుకోవద్దు.

ఇక తిట్టాల్సింది కేబుల్ పొడవుని. లెక్క చూడండి. లైటు నీటిమట్టానికి 45 సెంటీమీటర్లు కింద ఉంది. జంక్షన్ బాక్సు నీటిమట్టానికి కనీసం 20 సెంటీమీటర్లు పైన ఉండాలి. బాక్సు టబ్బుకి ఒక మీటరు దూరంలో ఉందనుకుంటే అప్పటికే మీటరూ అరవై అయిదు. గూటిలో చుట్టి ఉంచే కేబుల్ ఇంకో మీటరు కావాలి. మళ్లీ బాగుచేయాల్సి వస్తే టబ్బు ఖాళీ చేయకుండా లైటుని గట్టు మీదికి తెచ్చుకునేది దానితోనే. బాక్సులో కలపడానికి జానెడు. మొత్తం మూడు మీటర్లకు దగ్గర. ఒకటిన్నర మీటరుతో మేస్త్రీ ఏం చేస్తాడు? గూటిలోనో పైపు మధ్యలోనో జాయింటు వేసి టేపు చుడతాడు. ఆరునెలలకు నీళ్లొచ్చేది ఆ జాయింటులోంచే, తిట్లు తినేది లైటు. కాబట్టి ఆర్డరిచ్చేటప్పుడే మూడు నుంచి అయిదు మీటర్ల అఖండ కేబుల్ ఉన్నది అడగండి. జాయింటు ఒక్కటే ఉండాలి, అది నీటిమట్టం పైన బాక్సులో, జెల్ నింపిన కనెక్టరుతో ఉండాలి.

లీకు సంగతికి వస్తే, చాలామంది పొరబడేది ఇక్కడ. గూటి వెనక కేబుల్ వెళ్లే కాండ్యూట్ పైపులోకి టబ్బు నీళ్లు చేరి, టబ్బులో ఎంత మట్టం ఉందో అంత మట్టానికి నిలవడం లోపం కాదు. పైపు బాగుంటే ఆ నీళ్లు ఎక్కడికీ పోవు. నష్టం వచ్చేది రెండు సందర్భాల్లో. ఒకటి, శ్లాబులో పైపు అతుకు విడిపోవడం. రెండు, బాక్సుని నీటిమట్టం కంటే కింద, పంపు గదిలో బిగించడం. మేడమీది టబ్బుల్లో రెండోదే ఎక్కువ. పైన టబ్బు, కింద అంతస్తులో బాక్సు, మధ్యలో పైపు ఒక కుళాయి గొట్టంలా పనిచేస్తుంది.

తేల్చుకోవడానికి ముందు ఆవిరి లెక్క తీసేయాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఎండకి మూత లేని టబ్బులో మట్టం దానంతటదే తగ్గుతుంది. ఒక బకెట్టులో టబ్బు నీళ్లే నింపి టబ్బు లోపలి మెట్టు మీద పెట్టండి. రెండింటికీ గీత గీయండి, పంపు, హీటరు ఆపి 24 గంటలు వదలండి. టబ్బు గీత బకెట్టు గీత కంటే ఎక్కువ దిగితే అది లీకే. తర్వాత మట్టం ఎక్కడ ఆగుతుందో చూడండి. లైటు రింగు పై అంచు దగ్గర ఆగితే అనుమానం రింగు మీద, గూటిలో పైపు నోటి ఎత్తున ఆగితే పైపు మీద. పంపు ఆపి అరగంట నీళ్లు కదలకుండా ఉంచి, సిరంజితో వంటరంగు రెండు చుక్కలు పైపు నోటి దగ్గర వదిలితే సాక్ష్యం కళ్లముందే: లీకున్న చోటికి రంగు దారంలా లాక్కుపోతుంది.

ఇంకో దారి కూడా ఉంది, అది మోసకారి. కేబుల్ తొడుగు ఎక్కడైనా తెగితే నీళ్లు లోపలి రాగి పోగుల మధ్యనుంచి ఒత్తిలో నూనెలా ప్రయాణించి, బాక్సు నీటిమట్టం కంటే కింద ఉంటే అక్కడి కొస దగ్గర చుక్కలుగా కారతాయి. బాక్సు తెరిచి, పైపునీ కేబుల్‌నీ పొడిగా తుడిచి, కేబుల్ కొసకి టిష్యూ కాగితం చుట్టి గంట ఆగండి. కాగితం తడిస్తే పైపు మూసి లాభం లేదు, కేబుల్‌తో సహా లైటు మార్చాల్సిందే. కార్తీకంలో వాయుగుండం పట్టినప్పుడు వచ్చే ఫిర్యాదుల్లో అయితే ముందు బాక్సు మూత చూడండి. వాననీళ్లే నిండి ఉండొచ్చు.

పైపు నోటిని మూసే పనికి సంచిలో వచ్చే గ్లాండు పనికిరాదు. గ్లాండుకి కేబుల్ లావు సరిపోవాలి: పీజీ-9 పట్టేది 4 నుంచి 8 మిల్లీమీటర్లు, పీజీ-13.5 పట్టేది 6 నుంచి 12. వెర్నియర్‌తో కొలిచి విడిగా కొనండి. గుండ్రటి గ్లాండు గుండ్రటి కేబుల్‌నే పట్టుకుంటుంది. చప్పట రెండు కోర్ల కేబుల్ పెడితే రెండు పక్కలా సందు మిగులుతుంది, ఎంత బిగించినా కారుతుంది. గూటి వెనక మర ఉంటే గ్లాండు, మర లేని నున్నటి పైపైతే కేబుల్ దూర్చడానికి చీలిక ఉన్న, శంకువు ఆకారపు రబ్బరు బిరడా. అదీ దొరక్కపోతే బ్యూటైల్ టేపుని (జిగురు రబ్బరు పట్టీ) ముద్దచేసి రెండంగుళాల లోతుకి కూరడం.

"ఎంసీల్ కొట్టేద్దాం సార్, ఇంగ చుక్క రాదు" అనే మాట వినిపిస్తుంది. చుక్క రాకపోవచ్చు, కానీ అది రాయిలా గట్టిపడ్డాక తర్వాతిసారి కేబుల్ లాగడానికి ఉలి పట్టుకోవాలి. సిలికానైతే తడి మీద అతకదు. వెనిగర్ వాసన వచ్చే రకం రాగిని తినేస్తుంది కూడా. వాడాలంటే వాసన లేని న్యూట్రల్ రకం, పూర్తిగా ఆరిన గూటిలో, నీళ్లు పెట్టేముందు కనీసం 24 గంటలు. మూసేది గూటి వైపే. అతుకు విడిపోయిన పైపుని బాక్సు వైపు మాత్రమే మూస్తే లీకు ఆగదు, కనబడకుండా పోతుంది: నీళ్లు శ్లాబులోకి తిరుగుతాయి.

ట్రాన్స్‌ఫార్మర్ గురించి పెట్టె మీద ఒక్క ముక్క లేదు, అది పెద్ద లోటు. హాలోజన్ కోసం పెట్టిన ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్ ఇంత తక్కువ లోడుకి సరిగా మొదలవక లైటు మినుకుమినుకుమంటుంది. చుట్టలున్న ఐసొలేటింగ్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, టబ్బు అంచుకి 3.5 మీటర్ల అవతల, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్చి) కింద. అక్కడినుంచి బాక్సుకి 20 మీటర్లు ఉంటే, ఒకటిన్నర ఆంపియర్‌కి 1 చదరపు మిల్లీమీటరు వైరులో వోల్టుకి పైగా పోతుంది, 2.5 వైరులో అరవోల్టు లోపే. విప్పేముందు ఎంసీబీ దించి మీటరుతోనే చూడండి. నియాన్ టెస్టరు 12 వోల్టులకి వెలగదు, "కరెంటు లేదు" అని అబద్ధం చెబుతుంది. మెగ్గర్ (వైరు తొడుగు బాగుందో లేదో చూసే మీటరు) పెట్టేది కేబుల్‌కి మాత్రమే, లైటు విడదీశాక.

స్క్రూలు మామూలు స్టీలు. క్లోరిన్ నీళ్లకి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి కొనుక్కోండి. అయస్కాంతంతో 304కీ 316కీ తేడా తేలదు, నమ్మకమైన దుకాణమే దిక్కు. బోరు నీళ్లు పోసే టబ్బుల్లో పళ్లెం మీద తెల్లటి సున్నం పొర కడుతుంది, వేడి ఉన్నచోటే అది ముందు పేరుకుంటుంది. నిమ్మ ఉప్పు నీళ్లతో, మెత్తటి గుడ్డతో పోతుంది. ఇసుక కాగితం వద్దు.

రెడీమేడ్ ఆక్రిలిక్ టబ్బులకి ఈ లైటు కాదు. వాటికి వెనకనుంచి తిప్పి తీసే చిన్న బల్బే. అక్కడ కారితే షెల్లుకీ ఫిట్టింగుకీ మధ్య గాస్కెట్ మార్చి, నట్టు చేత్తో బిగించాక పావు చుట్టు చాలు. పైపు సొల్యూషన్, థిన్నరు ఆ లెన్సుకి తగలనివ్వద్దు, వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి.

చివరగా, కేబుల్ కత్తిరిస్తే చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు. కాబట్టి బిగించేముందే లైటుని నిండు బకెట్టులో ముంచి, కేబుల్ కొస బయట పొడిగా ఉంచి, రాత్రంతా వెలిగించి చూడండి. బయట గాలిలో మాత్రం వెలుగు వస్తోందా అని చూసేంత సేపే. చల్లబరచడానికి నీళ్లు లేకపోతే ఎల్‌ఈడీలు వేడెక్కి మాడతాయి.