మెర్రీవెదర్ పోస్ట్ పెవిలియన్: పదేళ్లకు పైగా విన్నాక

యానిమల్ కలెక్టివ్ బ్యాండ్ ఈ ఆల్బమ్‌ని 2009 జనవరిలో తెచ్చింది. నేను విన్నది మరుసటి ఏడాది, లాప్‌టాప్ స్పీకర్లలో. రెండు పాటలకే తలనొప్పి వచ్చి ఆపేశాను. నలుగురు బావిలోకి దిగి ఒకేసారి పాడుతున్నట్టుంది. తప్పు పాటలది కాదని కాస్త మంచి హెడ్‌ఫోన్స్ కొన్నాక తెలిసింది. అడుగున నడిచే ఆ బాస్ మోత వినపడకపోతే పైనున్నదంతా గోలే. దయచేసి ఫోన్ స్పీకర్‌లో వినకండి.

అట్ట చూసినా కళ్లు తిరుగుతాయి. జపాన్ మనస్తత్వ శాస్త్రవేత్త అకియోషి కితావోకా దృష్టిభ్రమ బొమ్మల పద్ధతిలో వేసిన ఆకులు, కదలకుండానే కదులుతుంటాయి. సంగీతమూ అంతే. గిటార్ వాయించే డీకిన్ ఈసారి లేడు, మిగతా ముగ్గురూ శాంప్లర్లు (రికార్డు చేసిన శబ్దాల ముక్కల్ని మళ్లీ వాయించే యంత్రాలు) ముందేసుకున్నారు. మొదటి పాట 'ఇన్ ద ఫ్లవర్స్' సగం దాకా మసకమసగ్గా సాగి, తిరునాళ్లలో రంగులరాట్నం ఊపందుకున్నట్టు ఒక్కసారిగా తిరగడం మొదలెడుతుంది. ఇన్నేళ్లయినా అక్కడికొచ్చేసరికి చేస్తున్న పని ఆగుతుంది.

ఆల్బమ్ పేరు అమెరికాలో మేరీలాండ్‌లోని ఒక ఆరుబయలు కచేరీ వేదికది. వీళ్లు పెరిగిన బాల్టిమోర్‌కి దగ్గరే.

ఇంత మత్తులో వీళ్లు పాడేది దేని గురించో తెలుసా? ఇల్లు, పెళ్లాం, పిల్ల! 'మై గర్ల్స్'లో ఆ ముగ్గురిలో ఒకడైన పాండా బేర్ అడిగేది భార్యకీ కూతురికీ ఒక గూడు, పచ్చి ఇటుకల గోడలైనా సరే. ఇరవైల్లో నాకది పట్టలేదు, ట్యూన్ మాత్రమే పట్టింది. ఇంటి లోన్ కాగితాల మీద సంతకాలు పెట్టిన వారం మాత్రం ఆఫీసు దారిలో ఇదొక్కటే మోగింది. (పచ్చి ఇటుకలకైతే బ్యాంకు అప్పివ్వదనుకోండి.)

మధ్యలో కాస్త జారుతుంది. 'గైస్ ఐస్' ఇప్పటికీ దాటేస్తాను. 'లయన్ ఇన్ ఎ కోమా'లో మోర్సింగ్ లాంటి మోత మొదట చిరాకు, ఇప్పుడు ఇష్టం.

చివరిది 'బ్రదర్ స్పోర్ట్'. తండ్రి పోయాక తోడబుట్టినవాణ్ని గొంతు విప్పమని బతిమాలే పాట. వింటే మాత్రం ఊరేగింపులా ఉంటుంది. మా అమ్మాయి దీనికి సోఫా ఎక్కి గెంతుతుంది. ఆ పాట ఎందుకు పుట్టిందో దానికి ఇంకా చెప్పలేదు.